అంబారీ మీద అందరూ

శ్రీకృష్ణదేవరాయల జయంతి వచ్చిందంటే విజయవాడలో ఫ్లెక్సీలు వేసేవాళ్లకు చేతినిండా పని. రాయలవారు మావారంటే మావారని మూడు నాలుగు కులసంఘాలు రోడ్డెక్కుతాయి. ఒకరి ఫ్లెక్సీలో ఆయన మీసం పైకి తిరిగి ఉంటుంది, ఇంకొకరి దాంట్లో కిందికి వాలి ఉంటుంది. చుట్టూ మాత్రం వచ్చే ఎన్నికల్లో కార్పొరేటర్ టికెట్టు ఆశిస్తున్న కుర్రాళ్ల ముఖాలు పాస్‌పోర్టు సైజులో బారులు తీరి ఉంటాయి. గజపతినీ, బీజాపూరు సుల్తాన్నీ గడగడలాడించిన మహారాజు ఎమ్మెల్యేగారి ఫొటో కంటే ఒక పిసరు చిన్నగా సర్దుకుపోతాడు.

ఫ్లెక్సీ కంటే ముచ్చటైనది దాని కింద నడిచే చరిత్ర చర్చ. మా గొల్లపూడి టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక చరిత్ర మీద పడ్డారు, పాపం చరిత్రకు ఎవరూ అడ్డు రాలేదు.

"రాయలవారి రోజుల్లో రత్నాలు వీధుల్లో రాశులు పోసి అమ్మారు, తెలుసా అబ్బాయ్?"

"విన్నాను బాబాయ్. కొన్నది ఎవరు?"

"ఎవరేంట్రా? మనమే!"

ఆ 'మనమే' దగ్గరే నా పేచీ అంతా. మన ప్రాంతంలో సామ్రాజ్యం మీద బెంగ పెట్టుకున్నవాళ్లు మూడు రకాలు. రాయలవారు మళ్లీ పుడితే తప్ప తెలుగుజాతి బాగుపడదనేవాళ్లు ఒక రకం. తెల్లవాడే నయం, కాటన్ దొర లేకపోతే మనకు బువ్వెక్కడిదని కాలవగట్టు మీద కూర్చుని నిట్టూర్చేవాళ్లు రెండో రకం. కృష్ణకు పైన, హైదరాబాదు వైపు వెళితే నిజాం నవాబు కాలంలో రోడ్లు అద్దాల్లా ఉండేవని చెప్పే మూడో రకం తగులుతారు. ముగ్గురూ ఒకళ్లనొకళ్లు సహించలేరు. కానీ ముగ్గురి కలలోనూ కూర్చునే చోటు మాత్రం ఒకటే, ఏనుగు మీద. ఆ ఏనుగుకు మేత కోసేవాడిగా తనను ఊహించుకున్న సామ్రాజ్య ప్రేమికుడు నాకింతవరకు తారసపడలేదు.

ఈ ముగ్గురినీ ఒకే బస్సు ఎక్కించి పదిహేను ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లి కోటకు తీసుకుపోవాలని నా కోరిక. సామ్రాజ్యాలకు మన జిల్లాలో అంతకంటే నికార్సయిన సాక్షి లేదు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజుల కోట. తర్వాత ఒడిశా గజపతులది. వాళ్ల దగ్గర్నుంచి బీదరు బహమనీలది. మళ్లీ గజపతులది. తర్వాత విజయనగరానిది. మళ్లీ గజపతులది. ఆపైన గోల్కొండ కుతుబ్‌షాహీలది, మొగలులది, నిజాముది. 1766లో కంపెనీ సైన్యం వచ్చి పట్టుకుంది, ఆనక నిజాముతో ఒప్పందం రాసుకుని, ఉత్తర సర్కారులకు ఏటా ఇంత అని కట్టేలా బేరం కుదుర్చుకుంది. ఇప్పుడు కోట పైకెక్కి చూస్తే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. పైన గజశాల అని ఒక చోటు చూపిస్తారు, జైలుఖానా అని ఇంకొకటి చూపిస్తారు. మా బాబాయి లాంటివాళ్లు గజశాల ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటారు. జైలుఖానా ముందు తీసుకునేవాళ్లు తక్కువ. చరిత్రలో మన ముత్తాతకు ఆ రెండింట్లో ఏది దక్కి ఉంటుందో లెక్క కట్టడం కష్టమేం కాదు.

ఈ కోట కథలో రెండు ఘట్టాలు నాకు మహా ఇష్టం. మొదటిది సాక్షాత్తు రాయలవారిదే. 1515లో కొండవీడు పట్టాక ఆయన కృష్ణ దాటి కొండపల్లిని ముట్టడించారు. గజపతి మనుషులు గట్టిగానే కాచుకున్నారు, చివరికి లొంగారు. పాత్రులనే గజపతి పెద్ద అధికారులు బందీలయ్యారు. అక్కణ్ణుంచి సైన్యం ఉత్తరాన సింహాచలం దాకా పోయింది. చివరికి సంధి కుదిరింది. ప్రతాపరుద్ర గజపతి తన కూతురిని రాయలవారికిచ్చి పెళ్లి చేశారు. అల్లుడుగారు ప్రసన్నులై కృష్ణకు ఉత్తరాన తాను గెలిచిందంతా మామగారికి తిరిగి ఇచ్చేశారు. కొండపల్లి కృష్ణకు ఏ వైపున ఉందో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. అంటే ఇంతమంది ప్రాణాలు పోయి, ఇన్ని నెలల ముట్టడిలో ఊళ్లు గుల్లయి, కొండపల్లి మళ్లీ పాత యజమాని చేతికే వెళ్లింది. పెళ్లిలో ఇచ్చిపుచ్చుకోవడాల కింద చెల్లిపోయిన ఊరి నడిబొడ్డున 'మా రాయలు' అని ఫ్లెక్సీ కట్టడానికి ఎంత విశాల హృదయం ఉండాలి! ఆయన గొప్ప రాజు కాదని నేననను. కవి, యోధుడు, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి కావ్యం రాయమన్నాడని చెప్పుకున్న భక్తుడు. కానీ కొండపల్లిని ఇచ్చేటప్పుడు కొండపల్లివాళ్లను ఒక మాట అడగలేదు. అడగాలని ఆయనకు తోచదు, అడగాలని ఈ ఫ్లెక్సీవాళ్లకూ తోచదు.

రెండోది 1481 ఏప్రిల్ 5 నాటిది. అప్పుడు బహమనీ సుల్తాను మూడో మహమ్మదుషా కొండపల్లిలో విడిది చేసి ఉన్నాడు. ఆయన మంత్రి మహమూద్ గవాన్ ఇరాన్ దేశం నుంచి వచ్చినవాడు, బీదరులో పెద్ద మదరసా కట్టించినవాడు. ఆ రాజ్యాన్ని తీసుకెళ్లి ఇటు గోవా దాకా, అటు కోస్తా దాకా చాచిన బుర్ర ఆయనదే. భూములు కొలిపించి శిస్తు లెక్క ప్రకారం కట్టించడం, పెద్ద పెద్ద రాష్ట్రాలను ముక్కలు చేసి సర్దార్ల పెత్తనం తగ్గించడం ఆయన చేసిన నేరాలు. కిట్టనివాళ్లు ఆయన ముద్ర కాపలాదారుకు తాగబోసి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకుని, ఒడిశా రాజును దండెత్తి రమ్మని గవాన్ పిలుస్తున్నట్టు ఉత్తరం పుట్టించారు. సుల్తాను కూడా అప్పుడు తాగే ఉన్నాడంటారు. విచారణ లేదు, అప్పీలు లేదు. డెబ్బై దాటిన ముసలాయన తల తీయించారు. ఏడాది తిరక్కుండా సుల్తానూ పోయాడు. ముప్పై నలభై ఏళ్లలో ఆ రాజ్యం అయిదు ముక్కలైంది: బీజాపూరు, అహ్మద్‌నగరు, బీరారు, బీదరు, గోల్కొండ. ఒక తాగుబోతు సంతకం, ఒక తాగుబోతు తీర్పు. సామ్రాజ్యం బలమైనదనేవాళ్లు దాని నడుం ఎక్కడ విరిగిందో కొండపల్లికి వచ్చి చూసుకోవచ్చు.

కొండ దిగితే బొమ్మల కాలనీ. ఎంత విసిగిపోయినా నేను అక్కడ కాసేపు కూర్చుంటాను. తెల్ల పొణికి కర్ర దూదిలా తేలిక. దాన్ని ఆరబెట్టి, సన్నగా వేడి చూపి, కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కుతోనే ముక్కూ, మీసం, నగలూ తీరుస్తారు. సున్నం పూత పూసి రంగులు వేస్తారు. అక్కడ బాగా అమ్ముడుపోయేవాటిలో అంబారీ ఏనుగు ఒకటి. పైన గొడుగు కింద రాజు, ముందు మెడ మీద అంకుశం పట్టుకున్న మావటివాడు. దగ్గర పెట్టుకుని చూడండి, రాజుకీ మావటికీ చెక్కిన చెయ్యి ఒకటే, కర్ర ఒకటే, ముక్కు కూడా ఒకటే. తేడా అంతా రంగులో ఉంది. రాజుకు బంగారు రంగు రెండు గీతలు ఎక్కువ పడతాయి. కొనేవాళ్లు మటుకు "ఈ రాజు ఎవరండీ, కృష్ణదేవరాయలా?" అనే అడుగుతారు. మావటి ఎవరని అడిగినవాణ్ణి నేను చూడలేదు. కళాకారులు తెలివైనవాళ్లు, రాజు పేరు ఏం చెబితే కొంటారో అదే చెబుతారు.

మావటి సంగతి పోనీయండి, క్షౌరవృత్తివాళ్ల సంగతి చూద్దాం. విజయనగరంలో వాళ్ల మీద పన్ను ఉండేది. సదాశివరాయల కాలంలో అళియ రామరాయలకు గడ్డం గీసే కొండోజు పని ఆయన మనసుకు నచ్చింది. అందుకని ఆ వృత్తివాళ్లందరికీ పన్ను మాఫీ చేశారు. దీన్ని శాసనాల్లో చెక్కించారు కూడా. మనవాళ్లు దీన్ని రాజుగారి దయాగుణంగా చెబుతారు. నాకు మాత్రం చెమటలు పడతాయి. సామ్రాజ్యంలో మీ పన్ను తగ్గాలంటే మీ కులంవాడొకడు చక్రవర్తి గొంతు దగ్గర కత్తి పెట్టి, గాటు పడకుండా గీయాలి! కొండోజు చెయ్యి ఆ రోజు వణికి ఉంటే ఎవరికి విన్నవించుకునేవాళ్లు? పెళ్లి చేసుకుంటే పన్ను ఉండేది, మగ్గం పెట్టుకుంటే పన్ను ఉండేది. పదహారో శతాబ్దంలో వచ్చిన పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ ఒకడు రైతు పండించినదాంట్లో పదింట తొమ్మిది పాళ్లు నాయకులే పట్టుకుపోతారని రాశాడు. గుర్రాలమ్ముకునే మనిషి, కాస్త ఎక్కువ చేసి చెప్పి ఉంటాడు. సగానికి సగం కొట్టేయండి, అప్పటికీ రత్నాలు కొనడానికి మా బాబాయి దగ్గర ఏం మిగులుతుందో చూడండి.

రెండో రకం వాళ్ల దగ్గర, అంటే కాటన్ భక్తుల దగ్గర, జాగ్రత్తగా మాట్లాడాలి. ఎందుకంటే వాళ్ల కృతజ్ఞత నిజమైనది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది, బెజవాడ ఆనకట్ట 1855కు. డెల్టాలో కాటన్ విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. ఆ మనిషికి దండం పెట్టడంలో తప్పేం లేదు. కానీ ఆయన పని చేసిన కొలువును కూడా ఆ దండంలో కలిపేసుకుంటున్నారు. కంపెనీ ఈ నేల మీదికి వచ్చి అరవై ఏళ్లు దాటాక, 1832-33లో నందన కరువు వచ్చింది. ఒక్క గుంటూరు జిల్లాలోనే అయిదు లక్షల జనంలో రెండు లక్షల దాకా పోయారని అంచనా. రోడ్ల పక్కన శవాలు. కృష్ణ మటుకు అప్పుడూ పారుతూనే ఉంది. మనుషులు చచ్చాక ఆనకట్ట ఆలోచన రావడానికి కారణం జాలి ఒక్కటే కాదు, శిస్తు పడిపోయింది. కాలవలు తవ్వమని కాటన్ జీవితాంతం తెల్ల ప్రభుత్వంతోనే పోట్లాడాడు. 1878లో డబ్బంతా రైళ్లకే తగలేస్తున్నారని చెప్పినందుకు ఆయన్ను పార్లమెంటు కమిటీ కూర్చోబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. సామ్రాజ్యాన్ని పొగడ్డానికి మనం ఎంచుకున్న మనిషి, ఆ సామ్రాజ్యానికి కొరకరాని కొయ్య!

"అయితే ఏంటంటావు? చిన్న చిన్న ముక్కలుగా ఉంటే బతుకుతామా? చిన్నవాడికి పెద్ద దిక్కు ఉండొద్దూ?" అని బాబాయి అడుగుతారు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఆయన సరైనదే అడిగారు. దిక్కు ఉండాల్సిందే. కానీ దిక్కు కోసం చిన్నవాళ్లు చక్రవర్తిని వెతుక్కోవడం ఒక పద్ధతి, పక్కవాడితో చెయ్యి కలపడం ఇంకొక పద్ధతి. రెండోది మన నేల మీదే జరిగింది. ఆ కథకు ఫ్లెక్సీ ఎవరూ కట్టలేదు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి పట్టుకుపోతుంటే దారిలోనే పోయాడు. తుగ్లకు మనుషుల పాలన ఎలా ఉందో విలస తామ్రశాసనం చెబుతుంది. పండిన పంట రైతుది కాదు, చేతిలో ఉన్న డబ్బు ఇంటివాడిది కాదు. అప్పుడు ముసునూరి ప్రోలయనాయకుడు, ఆయన తర్వాత కాపయనాయకుడు ముందు నిలిచారు. వాళ్లతో చేరినవాళ్లు డెబ్బై అయిదు మంది నాయకులని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం. అద్దంకి వేమారెడ్డి లాంటివాళ్లు ఆ జట్టులోనే ఉన్నారంటారు. వీళ్లలో ఒక్కడు కూడా ఒంటిగా ఢిల్లీ ముందు నిలబడగలిగినవాడు కాదు. తలా ఒక చిన్న కోట, తలా కొన్ని గుర్రాలు. 1336 ప్రాంతంలో ఓరుగల్లు తిరిగి చేతికొచ్చింది. మల్లంపల్లి సోమశేఖరశర్మ 1945లో వీళ్ల చరిత్ర రాసి, మరచిపోయిన అధ్యాయమని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఎనభై ఏళ్లు గడిచాయి, ఆ పేరు ఇంకా చెల్లుతూనే ఉంది.

ఎందుకు మరిచాం? ఆ బొమ్మలో అంబారీ మీద కూర్చోబెట్టడానికి ఒక్కడు లేడు, డెబ్బై అయిదు మంది ఉన్నారు. అన్ని ముఖాలు ఫ్లెక్సీలో పట్టవు.

అయితే నేను ఈ కూటమిని కూడా పల్లకీ ఎక్కించదలుచుకోలేదు. ఓరుగల్లు దక్కిన మర్నాటి నుంచే ఎవరి కోటకు వాళ్లు పోయారు. దక్కనులో ఢిల్లీ మీద తిరుగుబాటు లేస్తే కాపయ ఆ తిరుగుబాటుదారులకు సాయం చేశాడు. వాళ్లు గెలిచి 1347లో బహమనీ రాజ్యం పెట్టి, మొట్టమొదట చూసింది కాపయ వైపే. కౌలాసు పోయింది, తర్వాత గోల్కొండ పోయింది. మహమ్మద్ బిన్ తుగ్లకు కోసం చేయించిన నీలిరాళ్ల సింహాసనం కూడా బహమనీ సుల్తానుకు కానుకగా పోయింది. ఆఖరికి 1360ల చివర్లో కాపయను భీమవరం దగ్గర చంపింది ఢిల్లీవాళ్లూ కాదు, బహమనీవాళ్లూ కాదు, మన రేచర్ల నాయకులే. ఉమ్మడి శత్రువు పోగానే ఉమ్మడి పోయింది. దానికి ఒక ఖజానా లేదు, ఏడాదికోసారి కూర్చునే సభ లేదు, 'నీ నీళ్లు నేను మళ్లించుకున్నాను' అంటే తీర్చే పెద్దమనిషి లేడు.

బహమనీ ముక్కల కథా అంతే. అయిదుగురూ పాముల్లా కాట్లాడుకునేవాళ్లు, రామరాయలు ఒకణ్ణి ఒకడి మీదికి ఎగదోసి చలి కాచుకునేవాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా అయితే కుర్రతనంలో ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. మనవాళ్లు ముద్దుగా మల్కిభరాముడు అన్నది ఆయన్నే. తీరా తమ వంతు వచ్చేలా ఉందని భయం పట్టాక పెళ్లిళ్లు కలుపుకున్నారు. అహ్మద్‌నగరు పిల్ల చాంద్‌బీబీ బీజాపూరుకు వచ్చింది, కట్నంగా షోలాపూరు కోట. బీజాపూరు ఆడపడుచు అహ్మద్‌నగరుకు వెళ్లింది. బీరారు తప్ప నలుగురు కలిసి 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో రామరాయల తల నరికారు. గెలిచాక షోలాపూరు నాదంటే నాదని మళ్లీ మొదలు. పదేళ్లలో అహ్మద్‌నగరు బీరారును మింగింది, తర్వాత బీజాపూరు బీదరును మింగింది, ఆనక మొగలులు వచ్చి అందరినీ మింగారు. 1687లో గోల్కొండ ఆఖరిది. పెళ్లిళ్ల మీద కట్టిన కూటమి కట్నాల తగవుల్లోనే పోయింది.

మరి నిలిచినవి ఎలా నిలిచాయి? వినడానికి మహా చప్పగా ఉంటుంది. 1951లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్సు, లక్సెంబర్గు ఆరూ కలిసి సంతకం పెట్టింది బొగ్గు మీద, ఉక్కు మీద. జాతి గౌరవం, పూర్వవైభవం ఒక్క ముక్క లేదు. తుపాకి పోతపోయడానికి కావలసిన సరుకు లెక్క పక్కవాడికి కూడా తెలిసేలా చేసుకున్నారు, అంతే. ఆ లెక్కల పుస్తకమే పెరిగి పెద్దదై యూరోపియన్ యూనియన్ అయింది. సోవియట్ గుప్పిట్లోంచి బయటపడ్డ ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా 2004లో పరిగెత్తుకుని వెళ్లి అందులో చేరాయి. పాత చక్రవర్తి పక్కింట్లోనే ఉండి, ఇంకా తమ మ్యాపు వైపు ఆశగా చూస్తుంటే ఎవరైనా అదే చేస్తారు. మనవాళ్లు బతుకుతెరువుకు పోయే గల్ఫులో కూడా అంతే. బ్రిటిష్‌వాడు మూటాముల్లె సర్దుకుంటుంటే 1971 డిసెంబరులో ఆరు షేక్‌రాజ్యాలు కలిశాయి, రస్ అల్ ఖైమా కాస్త బెట్టు చేసి రెండు నెలలకు చేరింది. అబుధాబి దగ్గర చమురు, దుబాయి దగ్గర రేవు, మిగిలినవాళ్ల దగ్గర భయం. సరిపోయింది.

ఇంగ్లండువాళ్లు మా బాబాయికి అన్నదమ్ములు. సూర్యుడస్తమించని రోజులు గుర్తొచ్చి 2016లో ఓటేసి, 2020లో యూనియన్ నుంచి బయటికొచ్చారు. బేరాల బల్ల దగ్గర కూర్చున్నాక తెలిసింది. ఐర్లండు సరిహద్దు తేలకుండా అడుగు ముందుకు పడదన్నారు. ఐర్లండు ఎంతనుకున్నారు? యాభై లక్షల జనం, మన జిల్లాలు రెండు మూడు కలిపితే సరి. శతాబ్దాలపాటు లండన్ ముందు చేతులు కట్టుకు నిలబడ్డ దేశం. ఆ రోజు దాని వెనక ఇరవై ఆరు దేశాలు నిలబడ్డాయి. ఏళ్ల తరబడి చర్చలు అక్కడే తిరిగాయి. మాజీ చక్రవర్తి ఒంటరిగా, మాజీ బానిస బలగంతో. ఇంతకంటే మంచి నాటకం సురభివాళ్లు కూడా వేయలేరు.

మన ఇంట్లో కూడా కలవడం ప్రేమతో జరగలేదు. 1937 నవంబరులో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్‌లో సర్కారు జిల్లాల నాయకులూ, రాయలసీమ నాయకులూ కూర్చుని రాసుకున్నది ప్రేమలేఖ కాదు. మీ డెల్టావాళ్లు మమ్మల్ని తొక్కేస్తారు, రాజధానో హైకోర్టో మాకు ఇవ్వండి, నీళ్లలో ముందు మాకు పెట్టండి అని సీమవాళ్లు అడిగి రాయించుకున్న షరతులు. పొట్టి శ్రీరాములుగారి ప్రాణం పోయాక, 1953లో కర్నూలు రాజధాని అయింది ఆ కాగితం బలంతోనే. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం. తెలంగాణవాళ్లు అడిగినవన్నీ రాసుకున్నారు. మొదటి ముఖ్యమంత్రి ఉప ముఖ్యమంత్రి పదవిని ఆరో వేలితో పోల్చి ఎత్తేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2014 జూన్ 2కు ఆ లెక్క తేలింది. కాగితం రాసుకోవడం వల్ల ఆ రాష్ట్రం విడిపోలేదు. రాసుకున్న కాగితాన్ని పెద్దవాడు చిత్తుకాగితం అనుకోవడం వల్ల విడిపోయింది. సీమవాళ్లను శ్రీబాగ్ గురించి అడగండి, అదే సంగతి ఇంకాస్త ఘాటుగా చెబుతారు.

విడిపోయాక కూడా నది ఒకటే కదా. 2023 నవంబరు 30 తెల్లవారుజామున, అవతల తెలంగాణలో పోలింగు జరగాల్సిన రోజున, మన పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి వెళ్లి ఇరవై ఆరు గేట్లలో పదమూడింటిని తమ అధీనంలోకి తీసుకున్నారు. ముళ్లకంచె వేశారు. కుడి కాలవకు నీళ్లు వదిలారు. తెలుగువాడూ తెలుగువాడూ కంచెకు అటూ ఇటూ నిలబడి బూతులు తిట్టుకున్నారు. చివరికి సీఆర్పీఎఫ్‌వాళ్లు వచ్చి మధ్యలో నిలబడ్డారు. మర్నాడు బాబాయి పేపరు మడిచి, "చూశావా? రాయలవారుంటే ఇలా జరిగేదా?" అన్నారు. జరిగేది కాదు, నిజమే. రాయలవారుంటే ఏనుగులు వచ్చేవి, మూడు నెలలు ముట్టడి జరిగేది, ఎవరో ఒకరి కూతురికి పెళ్లయ్యేది, నది మామగారికి వెళ్లేది. ఇప్పుడు కృష్ణా బోర్డు మీటింగు జరుగుతుంది, మనకు 512, వాళ్లకు 299 టీఎంసీల వాటాల మీద అరుచుకుంటారు, వాయిదా పడుతుంది, మళ్లీ మీటింగు. నాకు ఈ విసుగే ఇష్టం. ఇందులో తల తెగదు.

చిన్నవాడి విలువ ఎంతో కొండపల్లివాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2021లో అక్కడ మున్సిపల్ ఎన్నిక జరిగింది. ఇరవై తొమ్మిది వార్డులు. తెలుగుదేశానికి పద్నాలుగు, వైఎస్సార్సీపీకి పద్నాలుగు, ఒక ఇండిపెండెంటు. ఒక్కసారిగా జిల్లా అంతా ఆ ఒక్క వార్డు చుట్టూ తిరిగింది. ఎంపీగారి ఓటు చెల్లుతుందా, ఎమ్మెల్యేగారిది చెల్లుతుందా అని గొడవ హైకోర్టుకెక్కింది, చైర్మన్ ఎన్నిక ఫలితం సీల్డు కవరులో పెట్టాల్సి వచ్చింది. కొండపల్లిని ఒక్కసారి కూడా మాట అడక్కుండా చేతులు మార్చిన గజపతులూ, సుల్తానులూ, రాయలూ, దొరలూ ఎక్కడున్నారో గానీ, ఆ వారం పైనుంచి చూసి నోరు వెళ్లబెట్టే ఉంటారు. 2024లో ఢిల్లీ సంకీర్ణంలో పదహారు మంది తెలుగుదేశం ఎంపీలతో మన రాష్ట్రానికి దక్కింది కూడా అదే రకం బలం. జులై బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్ల మాట అందుకే వచ్చింది. లెక్క కుదిరిన రోజున చిన్నవాణ్ణి కుర్చీ వేసి కూర్చోబెడతారు.

కుదరని రోజు కూడా దగ్గర్లోనే ఉంది. లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్క దగ్గర ఆగి ఉంది. ఆ తాళం తీస్తే, పిల్లల్ని తక్కువ కన్న దక్షిణాదికి వాటా తగ్గుతుందని భయం. అందుకే 2025 మార్చి 22న చెన్నైలో కొన్ని రాష్ట్రాల నాయకులు కూడారు. కేరళ ముఖ్యమంత్రి వచ్చారు, తెలంగాణ ముఖ్యమంత్రి వచ్చారు, ఎక్కడో ఉన్న పంజాబు నుంచి కూడా ముఖ్యమంత్రి వచ్చారు. మన ప్రభుత్వం వెళ్లలేదు. పెద్దవాడి పక్కన కుర్చీ ఉన్నప్పుడు చిన్నవాళ్ల చాప మీద కూర్చోవడం నామోషీ కాబోలు. బదులుగా మనకో సొంత వ్యూహం ఉంది. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రిగారే స్వయంగా పిలుపునిచ్చారు. ఆనాడు డెబ్బై అయిదు మంది నాయకులు జట్టు కట్టేటప్పుడు ఎవరి గుర్రాలు వాళ్లు తెచ్చుకున్నారు. ఈనాడు మన వంతు కింద ఇంటికో బిడ్డను తెమ్మంటున్నారు. జనగణనకు పెట్టిన తేదీ 2027 మార్చి 1. మా బాబాయికి డెబ్బై రెండేళ్లు, ఆయన అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, కోడలు ఇంకొకర్ని కనేది లేదని ఫోన్‌లో చెప్పేసిందట.